ఆపరేషన్‌కు ముందు: కౌమార దశలో గర్భనిరోధం, లైంగిక ఆరోగ్యం – జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత నేపథ్యం

వ్యాస సంగ్రహం

ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ అనే మాటకు వాడుకలో స్థిరపడిన అర్థం ఒక్కటే: పిల్లలు పుట్టిన తరువాత స్త్రీకి చేసే శస్త్రచికిత్స. కాన్పులను పూర్తిగా ఆపడానికి ఈ పద్ధతి ఉపయోగపడింది. కాని తొలి కాన్పును వాయిదా వేసుకోవలసిన కౌమార బాలికకు ఇందులో చోటు లేదు. జననరేటు బాగా తగ్గిన ఈ రాష్ట్రంలో కౌమార మాతృత్వం తగ్గకపోవడానికి ఈ లోపం కూడా ఒక కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామలను నేపథ్యంగా తీసుకొని, కౌమారులకు తెలియవలసిన శరీర ధర్మాలను, గర్భనిరోధక పద్ధతులను, చట్ట పరిధిని వివరిస్తుంది.

కీలక పదాలు: కౌమార ఆరోగ్యం, గర్భనిరోధం, బాల్యవివాహం, కు.ని. శస్త్రచికిత్స, పెనుగంచిప్రోలు, పోక్సో చట్టం.

1. ఉపోద్ఘాతం

మెట్ట పల్లెల్లో ఒక బాలిక పెద్దమనిషి అయిందంటే ఆ సంగతి ఊరంతటికీ తెలుస్తుంది. చుట్టాలు వస్తారు, చిమ్మిలి తినిపిస్తారు, మేనమామ పట్టుబట్టలు తెస్తాడు. ఈ మధ్య వీధి మొదట్లో ఫ్లెక్సీ కూడా కడుతున్నారు. ఇంత బహిరంగంగా ప్రకటించే ఈ మార్పు గురించి ఆ బాలికకు మాత్రం వివరించి చెప్పేవారు అరుదు. ‘ఇక మగపిల్లలతో మాట్లాడకు’ అన్న హెచ్చరిక ఒక్కటే ఆమెకు అందే విద్య. ఆ హెచ్చరికకు కారణమేమిటో, నెలసరికీ గర్భానికీ సంబంధమేమిటో ఎవరూ చెప్పరు. మగపిల్లవాడికి ఆ హెచ్చరిక కూడా ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 సంవత్సరాల వయస్సును కౌమార దశగా పరిగణిస్తుంది. ఈ వయస్సువారికి లైంగిక ఆరోగ్యం గురించి చెప్పడం అవసరమా అన్న ప్రశ్న తరచు ఎదురవుతుంది. ఈ వయస్సులోనే పెళ్ళిళ్ళు, కాన్పులు జరుగుతున్నచోట ఈ ప్రశ్నకు సమాధానం చర్చలో కాక ప్రసూతి వార్డులో దొరుకుతుంది. అందువల్ల ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి అన్నవే ఈ వ్యాసంలో పరిశీలించవలసిన అంశాలు.

2. పెనుగంచిప్రోలు వారసత్వం

2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్‌టీఆర్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతానికి ఈ విషయంలో చెప్పుకోదగిన వారసత్వం ఉంది. మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అమ్మవారి క్షేత్రంగా అందరికీ తెలుసు. భండారు అచ్చమాంబ (1874–1905) పుట్టిన ఊరు కూడా అదే. తెలుగు కథానికకు ఆద్యురాలిగా ఇప్పుడు పలువురు గుర్తిస్తున్న ఆమెకు ఆరేళ్ళ వయస్సులోనే పెళ్ళి జరిగింది. బడికి వెళ్ళకుండానే, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో చదువు నేర్చుకొని ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించారు. ముప్పై ఏళ్ళకే కన్నుమూశారు.

లక్ష్మణరావు తన కుమార్తెకు ఆ అక్క పేరే పెట్టారు. ఆమే డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906–1964). వైద్యురాలై విజయవాడలో ప్రాక్టీసు చేశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ప్రసూతి, శిశుపోషణలపై సాధారణ స్త్రీలు చదువుకోదగిన తెలుగు పుస్తకం రాశారు.

ఆరేళ్ళకు పెళ్ళయిన మేనత్తకూ, గర్భం గురించి తెలుగులో రాసిన మేనకోడలికీ మధ్య గడిచింది ఒక్క తరమే. స్త్రీ శరీరం గురించి శాస్త్రీయంగా, మర్యాదగా, తెలుగులో చెప్పడం సాధ్యమేనని ఆ మేనకోడలి కృషి నిరూపించింది. నేటి కౌమారులతో మాట్లాడవలసిన వారు కొత్తగా వెతుక్కోవలసింది భాషను కాదు, చెప్పాలన్న సంకల్పాన్ని.

3. గణాంకాలు తెలిపే వైరుధ్యం

2019–21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళయింది. దేశ సగటు 23.3 శాతం. 15–19 ఏళ్ళ బాలికలలో అప్పటికే తల్లులైనవారు, గర్భవతులుగా ఉన్నవారు కలిసి 12.6 శాతం. దేశ సగటు 6.8 శాతమే. అంతకుముందు 2015–16లో జరిగిన నాలుగవ సర్వేలో రాష్ట్రంలో బాల్యవివాహాలు 33 శాతం, కౌమార మాతృత్వం 11.8 శాతంగా నమోదయ్యాయి. అంటే బాల్యవివాహాలు కొంత తగ్గినా కౌమార మాతృత్వం తగ్గలేదు, స్వల్పంగా పెరిగింది.

ఇదే రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున కలిగే సంతానం 1.7 మాత్రమే. జనాభా స్థిరంగా ఉండటానికి అవసరమైన 2.1 కంటే ఇది తక్కువ. తక్కువమంది పిల్లలను కనే రాష్ట్రంలోనే ఇంతమంది బాలికలు చిన్న వయస్సులో తల్లులవుతున్నారన్నది పరిశీలించవలసిన వైరుధ్యం.

దీనికి సమాధానం అదే సర్వేలోని మరొక అంకెలో కనిపిస్తుంది. రాష్ట్రంలో 15–49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది శస్త్రచికిత్స చేయించుకున్నవారు. మాత్రలు, కండోములు, కాపర్-టీ వాడేవారు ఒక్కొక్క పద్ధతిలో ఒక శాతానికి కూడా చేరలేదు. పైగా శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో సగానికి పైగా 25 ఏళ్ళు నిండకముందే చేయించుకుంటున్నట్లు ఈ సర్వేల నివేదికలు చూపుతున్నాయి. పదిహేడేళ్ళకు పెళ్ళి, వెంటనే ఒక కాన్పు, వెన్నంటే మరొకటి, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళకు ఆపరేషన్: ఈ అంకెలన్నీ కలిపి చూస్తే కనిపించే జీవన క్రమం ఇది. పిల్లల సంఖ్య తగ్గింది గాని తొలి కాన్పు వయస్సు తగినంత పెరగలేదు.

4. ‘ఆపరేషన్’ అనే ఒక్క మాట

‘ఆపరేషన్ అయిందా?’ అని మన పల్లెల్లో ఒక బాలింతను అడిగితే ఏ ఆపరేషన్ అని ఆమె ఎదురు ప్రశ్నించదు. కుటుంబ నియంత్రణకు అదే పర్యాయపదం. ప్రభుత్వ నివేదికల్లోని ‘కు.ని.’ అనే పొడి అక్షరాలు కూడా దాదాపు శస్త్రచికిత్సకే వాడుకయ్యాయి. 1952లో ప్రారంభమైన జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం దశాబ్దాల పాటు లక్ష్యాల సంఖ్యలతో నడిచింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీ చేయరాదన్న 1994 నాటి నిబంధన కూడా ఈ దృష్టినే బలపరిచింది. దానిని 2024లో రాష్ట్రం రద్దు చేసింది. ఇప్పుడు జనాభా తగ్గుతోందన్న ఆందోళనతో ఎక్కువమంది పిల్లలను కనమన్న పిలుపులు వినిపిస్తున్నాయి.

వద్దన్నా, కావాలన్నా ఈ చర్చ అంతా పిల్లల సంఖ్య గురించినదే. పదిహేడేళ్ళ బాలిక అవసరం సంఖ్యకు సంబంధించినది కాదు, కాలానికి సంబంధించినది. ఆమెకు కావలసినది ‘ఇక చాలు’ అనే పద్ధతి కాదు, ‘ఇప్పుడే వద్దు’ అనే పద్ధతి. ఆ రెండవ అవసరానికి వాడుక భాషలో స్థిరపడిన మాట లేకపోవడం గమనించదగినది. ‘ఎడం’ అనే మాట కాన్పుకూ కాన్పుకూ మధ్య వ్యవధికి వాడుతున్నాము. తొలి కాన్పును వాయిదా వేసుకోవడానికి అదీ లేదు. పెళ్ళయిన ఏడాదిలోగా ‘విశేషమేమైనా ఉందా?’ అన్న పరామర్శ మొదలవుతుంది. తొలిచూలుకు ముందు మందులు వాడితే మళ్ళీ గర్భం నిలవదన్న భయం దీనికి తోడవుతుంది. ఈ భయానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు.

5. తెలియవలసిన శరీర ధర్మాలు

సాధారణంగా తరువాతి నెలసరి రావడానికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అది ఒక రోజుకు మించి జీవించదు. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో అయిదు రోజుల వరకు జీవించగలవు. కనుక అండం విడుదలకు ముందు రోజుల్లో కలిసినా గర్భం రావచ్చు. రజస్వల అయిన తొలి సంవత్సరాలలో నెలసరి క్రమంగా ఉండదు కాబట్టి ‘సురక్షిత దినాలు’ లెక్కించుకొనే పద్ధతి కౌమారులకు నమ్మదగినది కాదు. మొదటి కలయికలో గర్భం రాదన్నది అపోహ. తొలి నెలసరి కనిపించడానికి ముందే అండం విడుదల కావచ్చు కనుక, ఇంకా రజస్వల కాని బాలికకు కూడా గర్భం వచ్చే అవకాశం ఉంది.

మగపిల్లలను వేధించే సందేహాలు వేరు. నిద్రలో స్ఖలనం కావడం, హస్తప్రయోగం బలహీనతకు, నపుంసకత్వానికి దారితీస్తాయన్న భయం విస్తృతంగా ఉంది. పట్టణాల గోడల మీద, లాడ్జీల దగ్గర కనిపించే ‘సుఖవ్యాధుల’ ప్రకటనలు బతికేది ఈ భయం మీదనే. ఈ రెండూ శరీర ఎదుగుదలలో సహజమైనవి, చికిత్స అవసరం లేనివి. ఈ ఒక్క వాక్యాన్ని బడిలో ఒక ఉపాధ్యాయుడు చెప్పగలిగితే అనేకమంది కుర్రవాళ్ళ మనోవేదన, డబ్బు రెండూ మిగులుతాయి.

చిన్న వయస్సులో గర్భం వల్ల కలిగే ప్రమాదం కూడా స్పష్టంగా చెప్పవలసినదే. 20–24 ఏళ్ళ తల్లులతో పోలిస్తే 10–19 ఏళ్ళ తల్లులలో గుర్రపువాతం, కాన్పు తరువాత గర్భాశయానికి సోకే ఇన్ఫెక్షన్లు ఎక్కువ. నెలలు నిండని కాన్పులు, తక్కువ బరువు శిశువులు కూడా ఎక్కువే. రాష్ట్రంలో 15–19 ఏళ్ళ బాలికలలో ప్రతి పదిమందికి సుమారు ఆరుగురికి రక్తహీనత ఉందన్న విషయాన్ని దీనితో జోడించి చూడాలి.

6. ఆపరేషన్ కాని పద్ధతులు

వయస్సు తక్కువన్న ఒక్క కారణంతో ఏ గర్భనిరోధక పద్ధతినీ నిరాకరించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య ప్రమాణం. శాశ్వత శస్త్రచికిత్సను మాత్రం చిన్న వయస్సులో చేయించుకుంటే తరువాత పశ్చాత్తాపపడే అవకాశం ఎక్కువని అదే సంస్థ హెచ్చరిస్తుంది. మన దగ్గర జరుగుతున్నది దీనికి సరిగ్గా విరుద్ధం.

కండోము: గర్భాన్నీ, లైంగిక వ్యాధులనూ రెండింటినీ నిరోధించేది ఇది ఒక్కటే. ప్రతిసారీ కొత్తది, మొదటి నుంచి చివరి వరకు వాడాలి. 1968లో వచ్చిన ‘నిరోధ్’ పేరుతో ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా లభిస్తుంది.

రోజువారీ మాత్రలు: ‘మాలా-ఎన్’ ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. రోజూ ఒకే వేళకు వేసుకుంటే సమర్థంగా పనిచేస్తాయి. మానిన తరువాత గర్భధారణ శక్తి తిరిగి వస్తుంది. రక్తనాళాలలో గడ్డలు కట్టే జబ్బు, అధిక రక్తపోటు, కళ్ళముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారు, కాన్పయి ఆరు నెలలు దాటని పాలిచ్చే తల్లులు వీటిని వాడరాదు.

ఛాయ: లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ కనుగొన్న మందు. ఇందులో హార్మోను లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికి ఒకసారి వేసుకోవాలి. పాలిచ్చే తల్లులకు కూడా అనుకూలం.

అంతర: మూడు నెలలకొకసారి తీసుకునే ఇంజెక్షను. నెలసరి క్రమం తప్పడం, ఆగిపోవడం దీనితో సాధారణం. ఈ సంగతి ముందే చెప్పకపోతే నెల తప్పిందని భయపడి మానివేస్తారు. మానిన తరువాత గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు గాని శాశ్వత నష్టం లేదు.

కాపర్-టీ: రకాన్ని బట్టి అయిదు లేక పదేళ్ళు పనిచేస్తుంది. కాన్పయిన 48 గంటల లోపు కూడా అమర్చవచ్చు. చిన్న వయస్సులో తొలి కాన్పయిన తల్లికి రెండవ కాన్పు వెంటనే రాకుండా కాపాడే అవకాశం ఇది.

అత్యవసర మాత్ర: రక్షణ లేని కలయిక తరువాత 72 గంటల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అండం విడుదలను ఆలస్యం చేయడం ద్వారా ఇది పనిచేస్తుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని తొలగించదు. కండోము చిరిగినప్పుడు, బలాత్కారం జరిగినప్పుడు ఉపయోగపడే మందే గాని నిత్యం వాడదగిన పద్ధతి కాదు.

అత్యవసర మాత్రకూ గర్భస్రావం మాత్రలకూ ఉన్న తేడా చాలామందికి తెలియదు. రెండవ రకం మాత్రలను వైద్యుల పర్యవేక్షణలో, చట్ట నిబంధనల ప్రకారం తొమ్మిది వారాల లోపు గర్భానికి మాత్రమే ఇవ్వాలి. మందుల దుకాణంలో గుట్టుగా కొని వాడితే తీవ్ర రక్తస్రావం కావచ్చు, గర్భం పూర్తిగా తొలగకపోవచ్చు. గర్భం ట్యూబులో నిలిచి ఉంటే ప్రాణానికే ముప్పు.

7. లైంగిక వ్యాధులు, వాటి నివారణ

దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, మూత్రంలో మంట, జననాంగాల వద్ద పుండ్లు, గజ్జల్లో బిళ్ళలు కనిపిస్తే సొంత వైద్యం చేసుకోరాదు. ప్రభుత్వ ఆసుపత్రులలోని ‘సురక్ష’ క్లినిక్‌లలో వీటికి ఉచిత చికిత్స ఉంది. భాగస్వామికి కూడా చికిత్స జరగకపోతే వ్యాధి తిరిగి వస్తుంది. కొన్ని వ్యాధులకు బయటికి లక్షణాలే ఉండవు. వాటిని నిర్లక్ష్యం చేస్తే భవిష్యత్తులో సంతానలేమికి దారితీయవచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను నిరోధించే టీకా 9–14 ఏళ్ళ వయస్సులో, లైంగిక జీవితం మొదలుకాకముందు ఇస్తే అత్యధిక ప్రయోజనం ఇస్తుంది. హెచ్‌ఐవీ సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

8. చట్టం గీసిన గీత

ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారితో లైంగిక చర్య, వారి అంగీకారం ఉన్నా, నేరమే. భార్య అయినా 18 ఏళ్ళు నిండకపోతే అది అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న తీర్పునిచ్చింది. ఈ చట్టాలు బాలికల రక్షణకు అవసరమైనవి. పెద్దల దోపిడీ నుంచి, బలవంతపు పెళ్ళి నుంచి వారిని కాపాడే ఆయుధాలు ఇవే. ఆపదలో ఉన్న బాలిక గాని, ఆమె తరఫున మరెవరైనా గాని 1098కి ఫోన్ చేయవచ్చు.

అయితే వీటి నీడలో ఒక చిక్కు కూడా ఏర్పడింది. పోక్సో చట్టంలోని 19వ సెక్షను ప్రకారం నేరం గురించి తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. వైద్యులూ ఇందుకు మినహాయింపు కాదు. ఫలితంగా కేసు అవుతుందన్న భయంతో గర్భవతి అయిన బాలికను కుటుంబాలు ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకువస్తున్నాయి, లేదా వయస్సు ఎక్కువ చెబుతున్నాయి. వయస్సు ఎక్కువగా నమోదైతే ప్రమాదకర గర్భంగా గుర్తించడమూ జరగదు.

ఈ చిక్కును సుప్రీంకోర్టు కొంతవరకు గుర్తించింది. గర్భవిచ్ఛిత్తి కోరి వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరినట్లయితే వైద్యులు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, వ్యక్తిగత వివరాలు వెల్లడించనవసరం లేదని 2022 సెప్టెంబరు 29 నాటి తీర్పులో పేర్కొంది. గర్భవిచ్ఛిత్తికి 18 ఏళ్ళ లోపువారికి సంరక్షకుల లిఖితపూర్వక అంగీకారం కావాలి. 18 దాటిన స్త్రీకి ఆమె అంగీకారం ఒక్కటే చాలు, భర్త సంతకం అవసరం లేదు. 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం సరిపోతుంది. మైనర్లు, అత్యాచార బాధితులు మొదలైనవారి విషయంలో ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో 24 వారాల వరకు 2021 సవరణ వీలు కల్పించింది. ఈ వివరాలు తెలిసిన కుటుంబం చాటుగా నాటువైద్యుని దగ్గరికి వెళ్ళవలసిన అవసరం ఉండదు.

9. చెప్పవలసిన వారు

2014 జనవరి 7న మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కౌమారుల కోసం ప్రత్యేక క్లినిక్‌లను, తోటివారి ద్వారా బోధనను ప్రతిపాదించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో ప్రారంభమైన ‘స్వేచ్ఛ’ కార్యక్రమం బడిపిల్లలకు ఉచితంగా శానిటరీ న్యాప్కిన్లు అందించి, నెలసరి గురించి తరగతి గదిలో మాట్లాడే వీలు కల్పించింది. కాని నెలసరి దగ్గర మొదలైన సంభాషణ గర్భధారణ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. పునరుత్పత్తి పాఠాన్ని ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటవేయడం మనలో చాలామందికి విద్యార్థులుగా అనుభవమే. 2007లో కౌమార విద్యా కార్యక్రమాన్ని కొన్ని రాష్ట్రాలు ఏకంగా నిలిపివేశాయి. లైంగిక విద్య పిల్లలను చెడగొడుతుందన్న వాదనకు పరిశోధనల మద్దతు లేదు. అటువంటి విద్య వల్ల లైంగిక చర్యలు పెరగవని, తొందరపాటు తగ్గుతుందని యునెస్కో 2018 మార్గదర్శకాలు పలు దేశాల అధ్యయనాలను సమీక్షించి తేల్చాయి.

మెట్ట ప్రాంతానికి వస్తే మరొక అంశం ఉంది. పదవ తరగతి తరువాత చదువు సాగాలంటే అనేక గ్రామాల పిల్లలు జగ్గయ్యపేటకో నందిగామకో బస్సెక్కాలి. మిరప కోతలు, పత్తి తీతల కాలంలో తల్లిదండ్రులిద్దరూ పొలంలోనే ఉంటారు. రాకపోకల భయం, ఒంటరిగా ఉంచలేని భయం కలిసి పెళ్ళి నిర్ణయంగా మారుతాయి. కనుక బాలికల కళాశాలకు వేళకు వచ్చే బస్సు కూడా గర్భనిరోధక సాధనమే అనడం అతిశయోక్తి కాదు. 2022లో రాష్ట్రం కల్యాణమస్తు పథకానికి వధూవరులిద్దరూ పదవ తరగతి ఉత్తీర్ణులై ఉండాలన్న షరతు పెట్టడంలో ఈ సంబంధం పట్ల గుర్తింపు కనిపిస్తుంది.

గ్రామంలో ఈ విషయాలు చెప్పగలిగినవారు ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం. అయితే వారు సాధారణంగా గర్భం వచ్చిన తరువాతనే ఆ ఇంటి గడప తొక్కుతారు. పెళ్ళయిన నెలలోనే, అత్తగారి సమక్షంలో కాక, ఆ అమ్మాయితోనూ ఆమె భర్తతోనూ విడిగా మాట్లాడగలిగితే ‘ఇప్పుడే వద్దు’ అన్న మాట ఆమె నోటి నుంచి వచ్చే వీలుంటుంది. అవివాహితులు అడిగినప్పుడు ‘నీకెందుకు?’ అన్న ప్రశ్న ఎదురుకాకూడదు. ఆ ఒక్క ప్రశ్నతో వారు మళ్ళీ ఆ కేంద్రానికి రారు.

10. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

• ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ సంఖ్యలో విజయం సాధించినా తొలి కాన్పు వయస్సును పెంచడంలో వెనుకబడింది. శస్త్రచికిత్సపైనే ఆధారపడటం ఇందుకు ఒక కారణం.

• బాల్యవివాహ నిరోధం మొదటి కర్తవ్యం. అది విఫలమైనచోట ఆ బాలికను తొలి గర్భం నుంచి కాపాడటం రెండవ కర్తవ్యం. రెండవది చేస్తే మొదటిదాన్ని ఆమోదించినట్లవుతుందన్న సంకోచం వల్ల నష్టపోయేది బాలికే.

• తాత్కాలిక పద్ధతుల గురించి, వాటి దుష్ఫలితాలతో సహా, పెళ్ళికి ముందే తెలియాలి. మగపిల్లలకూ ఇది అంతే అవసరం.

• చట్టం పట్ల భయం వైద్యానికి అడ్డురాకుండా గోప్యతకు సంబంధించిన తీర్పులు వైద్య సిబ్బందికీ, కుటుంబాలకూ తెలియాలి.

ఆరేళ్ళకు పెళ్ళయిన పెనుగంచిప్రోలు అచ్చమాంబకు తన జీవితక్రమాన్ని ఎంచుకొనే అవకాశం లేదు. నేడు అదే ఊరి బాలికకు చట్టం ఉంది, ఆసుపత్రి ఉంది, మందు ఉంది. అవి ఉన్నాయని ఆమెకు తెలుగులో, సకాలంలో, ఆమె తలదించుకోనవసరం లేని విధంగా చెప్పే మనిషి కావాలి. ఆపరేషన్‌కు ముందు కూడా ఆమెకొక జీవితం ఉందని గుర్తించడమే కౌమార ఆరోగ్య విద్యకు తొలి పాఠం.